మా వాడు ఏమీ చెయ్యడండీ!

పక్కింటి పిల్లాడు మన కిటికీ అద్దం పగలగొట్టినప్పుడు వాళ్ళమ్మ అనే మాట ఇది. ఇంగ్లండు వెళ్ళీ వినాల్సొస్తుందనుకోలేదు.

మే నెల. అమ్మాయి, నేను, దాని కుక్క కెజిక్ దగ్గర డెర్వెంట్‌వాటర్ సరస్సు ఒడ్డమ్మట నడిచి, ఓక్ చెట్ల అడవి దాటి, హెదర్ పొదల బీడుమీదికెక్కాం. ఎదురుగా ఒకావిడ. కుక్కేమో పొదల్లో ఇష్టారాజ్యంగా పరుగులు, దాని తాడేమో ఆవిడ మెడలో! పైగా “పాపం, మీరు దాన్ని కట్టేశారేం? మా వాడు ఏమీ చెయ్యడు” అని నాకే దెప్పు.

పాపం ఎవరిదమ్మా? స్కైలార్క్ పిట్ట గుడ్లు పెట్టేది కొమ్మమీద కాదు, నేలమీద. కుక్క కరవక్కర్లేదు, దగ్గరికొస్తే చాలు, తల్లి లేచిపోతుంది, గుడ్లు చల్లబడతాయి. చూలు గొర్రెను తరిమితే కడుపు పోవచ్చు. నడిచేవాళ్ళకి ఆ బీళ్ళు తెరిచిన 2000 నాటి చట్టమే, మార్చి 1 నుంచి జూలై 31 దాకా అక్కడ కుక్కకి 2 మీటర్లు మించని తాడుండాలంది. గొర్రెల దగ్గరైతే ఏడాది పొడుగునా.

కొడుకుని ఊరిమీదికి వదిలి, ఎదుటివాళ్ళ ఆడపిల్లని ఇంట్లో కూర్చోమనే తల్లుల్ని మనం ఎరగమూ?

“ఊరుకోమ్మా” అని అమ్మాయి చెయ్యి గిల్లుతూనే ఉంది. నాకొచ్చిన ఇంగ్లీషులో అంతా చెప్పేశాను. ఆవిడ మూతి ముడుచుకుంది గానీ, తాడు తగిలించింది.