ఆడపిల్లలు, ఫుట్‌బాలు

2025 ఏప్రిల్ 11వ తేదీ చైత్ర శుద్ధ చతుర్దశి. మరునాడు కొండగట్టున ఆంజనేయస్వామికి చిన్న జయంతి. మా వైపు దారులన్నియు దీక్షాస్వాములతో నిండియుండెను. సాయంకాలము మా వాకిటి గద్దెపై కూర్చుండి వారిని చూచుచుండగా, పొరుగింటి యామె బీడీల చేట చంకనుంచుకొని వచ్చి మా ప్రక్కన కూర్చున్నది. ఆమె పెనిమిటి కువైటులో నున్నాడు. పెద్దకూతురు ఎనిమిదవ తరగతి చదువుచున్నది. ఆ పిల్ల మగపిల్లలతోపాటు చెరువు గట్టు క్రింది బీడులో బంతి తన్నును. బడులు తెరచిన పిదప జిల్లా ఎంపికకు పంపుదుమని బడిలోని వ్యాయామోపాధ్యాయిని చెప్పినదట.

"పంతులమ్మా, మీరన్న చెప్పుండ్రి దానికి. ఇంకెన్నొద్దులు ఉరుకుతది? పెద్దమనిషాయె. వాళ్ల నాయిన ఫోన్ల కోపం చేస్తున్నడు" అని యామె మొరపెట్టుకొన్నది.

మేము నాడు సరియైన మాట చెప్పలేకపోయితిమి. "చూతములే" అని దాటవేసితిమి. పిల్ల గుమ్మము చాటున నిలిచి వినుచున్న సంగతి మాకు తరువాత గాని తెలియలేదు. ఆ దాటవేతకు సిగ్గుపడియే యీ విషయము నెత్తుకొనుచున్నాము. ఏలయన, సరిగా ఆనాడే వంగదేశమున కల్యాణి యను పట్టణపు మైదానములో మన పొరుగు జిల్లా బిడ్డ యొకతె, దేశములోని స్త్రీల ఫుట్‌బాలు పోటీలలో అగ్రశ్రేణి పోటీని ఒక్క గోలుతో తీర్మానము చేసినది. రెండు దినముల పిదప పాత పత్రికలను సర్దుచుండగా మేమా వార్తను చూచితిమి.

ఆమె పేరు గుగులోతు సౌమ్య. ఇంటిపేరు వినగానే లంబాడా బిడ్డ యని మనవారికి తెలియును. నిజామాబాదు జిల్లా. మెట్‌పల్లి దాటి ఆర్మూరు దారి పట్టినచో మనకెంత దూరము? ఈస్ట్ బెంగాల్ జట్టు తరపున ఆడుచు, ఒడిశా జట్టుపై 67వ నిమిషమున ఆమె గోలు చేసెను. ఆ ఆటలో అదియొక్కటే గోలు. దానితో ఇండియన్ ఉమెన్స్ లీగను పోటీలో 2024-25 సంవత్సరపు విజయము ఈస్ట్ బెంగాలునకు దక్కినది. ఓడిన ఒడిశావారు అంతకు ముందటి యేటి విజేతలు.

లీగు అనగానేమో కొందరు సోదరీమణులకు తెలియకపోవచ్చును. టోర్నమెంటులలో ఓడినవారు ఇంటికి పోవుదురు, గెలిచినవారు మిగులుదురు. లీగు అట్లు గాదు. ప్రతి జట్టును ప్రతి జట్టుతోడను తన ఊర నొకమారు, వారి ఊర నొకమారు ఆడవలెను. గెలిచిన 3 పాయింట్లు, సమముగా ముగిసిన 1, ఓడిన సున్న. కడపట ఎవరి మొత్తము హెచ్చో వారే విజేతలు. పెండ్లివంట ఒక్కపూట కుదిరిన చాలును. ఇంటివంట యేడాది పొడుగునను కుదురవలెను గదా! లీగు ఇంటివంట వంటిది.

ఆ యేడు సంక్రాంతికి ముందు మొదలైన పోటీ ఉగాది దాటిన పిదప ముగిసినది. జట్లు 8. ఒక్కొక్క జట్టుకు 14 ఆటలు, అన్నియు కలసి 56. ఇంటివంట యని యెందుకంటిమో చూడుడు. కేరళలోని గోకులం జట్టులో ఉగాండా దేశపు ఫజీలా ఇక్వాపుట్ అను నామె 24 మారులు గోలు చేసినది. ఆ పోటీలో అంత చేసినవారు మరెవ్వరును లేరు. అయినను ఆమె జట్టు రెండవ స్థానముననే నిలిచినది. సౌమ్య చేసినవి 9. మన దేశపు ఆటకత్తెలలో అదియే హెచ్చు. ఆమె వెనుక గోలు కావలి కాచిన మణిపురపు పాంథోయి చాను మొదలుకొని పదిమంది శ్రమ కుదిరినది గనుక ఆ తొమ్మిదికి విలువ వచ్చినది. ఆంటొనీ ఆండ్రూస్ అను శిక్షకుడు వారిని నడపెను. మే నెలలో అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్యవారు ఆ యేటి ఉత్తమ క్రీడాకారిణిగా సౌమ్యను, ఉత్తమ గోల్‌కీపరుగా పాంథోయి చానును ఎన్నుకొనిరి.

ఇందులో మాకు మిక్కిలి ముచ్చట గొలిపిన సంగతి వేరొకటి కలదు. ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టిన సంస్థ. దాని పురుషుల జట్టుకు గల కీర్తి చెప్పనక్కరలేదు. కాని జాతీయ లీగులో వారు కడపట గెలిచినది 2003-04లో. 21 సంవత్సరములు ఆ యింట ఆ భాగ్యము లేకపోయెను. దానిని మరల తెచ్చినవారు ఆడపిల్లలు.

వంగదేశమనగానే మాకు దండి దశకుమారచరిత్రము జ్ఞప్తికి వచ్చినది. దానిని తెనిగించినవాడు తిక్కన కాలపువాడైన కేతన. చిన్నతనమున మా తండ్రిగారు మాకు చదివి వినిపించిన గ్రంథములలో నదియొకటి. అందు మిత్రగుప్తుని కథలో సుహ్మదేశమున దామలిప్త నగరము కలదు. నేటి పశ్చిమ వంగమున తమ్‌లూక్ అని పిలుచునది యదియే. ఆ దేశపు రాజునకు వింధ్యవాసినీదేవి వరమువలన కూతురు కలిగెను. పేరు కందుకావతి. ఏడవ యేటినుండి వివాహమగునంతవరకు ప్రతి మాసమును కృత్తికా నక్షత్రమునాడు ఆమె బంతియాటతో దేవిని కొలువవలెననియు, దానివలన గుణవంతుడైన భర్త లభించుననియు దేవి యాజ్ఞ. నగరమంతయు చూడవచ్చెడి ఉత్సవమది. మన పూర్వులు కన్య బంతియాడుటను తప్పుగా నెంచలేదనుటకు మేమీ కథను పలుమారులు చెప్పియుంటిమి. అయితే ఈ మారు తలచుకొనగా, ఇంతకాలము మేము గమనింపని మాట యొకటి కంటబడినది. 'వివాహమగునంతవరకు' అని గదా ఆజ్ఞ! ఆట వరునికొరకు, వరుడు రాగానే ఆటకు స్వస్తి. కల్యాణి మైదానమున ఆడిన కన్యలు ఎవరికొరకును ఆడలేదు. ఆట వారికి జీవిక; వారి చదువువలె, ఉద్యోగమువలె.

ఇక మా మనసున ముల్లువలె గ్రుచ్చుకొన్న సంగతి. ఆ యెనిమిది జట్ల పేర్లను వ్రాసికొని చూచితిమి. కలకత్తానుండి ఈస్ట్ బెంగాల్, శ్రీభూమి. ఒడిశానుండి ఒడిశా, నీతా. కేరళనుండి గోకులం, మధురనుండి సేతు, బెంగుళూరినుండి కిక్‌స్టార్ట్, ఢిల్లీనుండి హాప్స్. తెలంగాణమునుండి ఒక్కటియు లేదు. ఆంధ్రదేశమునుండియు లేదు. సౌమ్య ముందు గోకులం జట్టులో ఆడినది. 2022లో జ్యోతీ చౌహాన్ అను సహచరితో కలసి క్రొయేషియా దేశమునకు పోయి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరినది. మరల కేరళ, ఆపై కలకత్తా. ఆడపిల్ల పుట్టినింట నిలువదను మాట మనకు క్రొత్త గాదు. అయినను వెండ్లాడి పోవు పిల్ల పుట్టినింట పెరిగి పెద్దదై పోవును. ఆటకు పోవు పిల్లకు పుట్టినింట ఆ అవకాశమైనను లేదు. తెలుగుబిడ్డ గోలు చేయగా పండుగ జరిగినది వంగభూమిని.

హైదరాబాదునకు ఫుట్‌బాలు తెలియనిది గాదు. నగర పోలీసు జట్టు 1950నుండి 1954వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచినది. ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన వృత్తిచే బడిపంతులు. ఈ మాట వచ్చినప్పుడెల్ల మా యింటివారు కొంచెము నిటారుగా కూర్చుందురు. 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో మన దేశము బంగారు పతకము గెలిచినపుడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినపుడు, జట్టును తీర్చిదిద్దినది ఆయనయే. తరువాత పురుషుల ఇండియన్ సూపర్ లీగులో హైదరాబాదు జట్టు 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలతో ఓడించి కప్పు తెచ్చినది. కట్టిమణి లక్ష్మీకాంతుడను గోల్‌కీపరు ఆనాడు మూడు పెనాల్టీలను ఆపెను. మూడేండ్లు తిరిగి 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకొన్నది. మగవారి జట్టుకే నిలువ నీడ లేకపోయిన చోట ఆడువారి జట్టును గూర్చి అడుగుట అత్యాశ యని కొందరందురు. మాకు తోచునది వేరు. స్త్రీల పోటీలో ఒక్కొక్క జట్టుకు 14 ఆటలే. అదే యేడు పురుషుల లీగులో 24. ఇంత చిన్న సంసారమును నడపుటకైనను మన రాజధానిలో ఒక్క ధనికుడు పూనుకొనలేదా?

మన యిండ్లలోని అభ్యంతరములను మేము తేలికగా కొట్టివేయము. చిన్న లాగులు, ఎండ, దూర ప్రయాణము, తోడెవరను భయము, కాలు విరిగిన సంబంధము కుదురదను బెంగ. కాలి సంగతి నిజమే. మోకాటి కీలులోని బంధనము తెగుట పురుషులకంటె స్త్రీ క్రీడాకారులకు హెచ్చు. వైద్యులందరును ఈ మాట చెప్పుదురు. సరియైన శిక్షణముచే ఆ ప్రమాదమును చాలవరకు తగ్గింపవచ్చునని కూడ వారే చెప్పుదురు. లాగుల సంగతి సీమదొరలును పలికినదే. 1920 డిసెంబరులో ఇంగ్లండునందు లివర్‌పూలులో కర్మాగారపు పడుచుల ఆటను చూడ 53 వేలమంది వచ్చిరి. ఆ మరుసటి సంవత్సరమే అచ్చటి సంఘమువారు, ఈ ఆట స్త్రీలకు తగదని తీర్మానించి, తమ మైదానములను వారికి మూసివేసిరి. ఆ తలుపులు తెరచుకొనుటకు దాదాపు 50 ఏండ్లు పట్టినది. అంతటి దొరలే మూర్ఖించిరి. కువైటులో కష్టించుచున్న మా పొరుగింటాయన నేమనగలము?

కాని మాకు ఈ అభ్యంతరములకన్న పెద్దదిగా కనబడునది వంటయింటిలో నున్నది. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనములో 15 మొదలు 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఫుట్‌బాలు ఆట 90 నిమిషములు. రక్తము చాలని పిల్ల సగమాటకే ఆయాసపడి కూర్చుండును. అది చూచి, ఆడపిల్ల కిది తగదని మనమే తీర్పు చెప్పుదుము. మగవారు తిన్న పిదప మిగిలినది, కొడుకునకు పెట్టిన పిదప అడుగంటినది కూతురి పళ్లెములోనికి వచ్చుచున్నంతకాలము మైదానములు కట్టించి ఏమి ఫలము? తోటకూర, మునగాకు, నువ్వులు బెల్లము, జొన్న, రాగి, పప్పు, గ్రుడ్డు: ఇవి ధనికుల యింట మాత్రమే దొరకు వస్తువులు గావు. ప్రతి నెలయు దూరముగా కూర్చుండు దినములలో ఈ ఆహారము మరియు నవసరము. ఈ విషయమున మాయింటను లోపము జరిగినదని ఒప్పుకొనుచున్నాము. మేమే చివరి పళ్లెముగా నుండుట మా తల్లినుండి నేర్చినదే.

తరువాతి శుక్రవారము పొరుగింట కువైటునుండి ఫోను వచ్చినది. ఆయనకు శుక్రవారము సెలవు. ఈ మారు ఆమె మమ్ము పిలిచి ఫోను చేతికిచ్చినది. మేము పత్రికలోని ముక్కను ముందుంచుకొని, నిజామాబాదు పిల్ల సంగతి, జాగ్రెబు సంగతి చెప్పితిమి. ఆయన చాలసేపు పలుకలేదు. "పోరగాండ్లతోని బీట్ల ఆడుడు బందు వెట్టుమనుండ్రి, పంతులమ్మా" అనెను. మా ప్రాణము చివుక్కుమన్నది. అంతలో, "ఆ ఎంపికకు మేడమే దగ్గరుండి తోల్కపోతదా?" అని యడిగెను. అవునంటిమి. "గట్లయితె ఒక్కసారి పోయి రానీయుండ్రి. మల్ల చూద్దాం" అని పెట్టివేసెను.

పిల్ల ఇంటిలో లేదు. గట్టు క్రింది బీడులో నున్నది. తల్లి చేటలోని ఆకులను సవరించుచు కొంతసేపు ఊరకుండి, "ఎండకు పోతది గద, పొద్దుగాల ఏం పెట్టాలె?" అని యడిగినది. రాగిజావ, రెండు గ్రుడ్లు అని చెప్పితిమి.

"గుడ్లు ఇన్నొద్దులు దాని తమ్మునికే తెస్తున్న" అని, ఆమె కొంగున ముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకొనసాగినది.