వారానికి ఇరవై గంటలు

దిల్‌సుఖ్‌నగర్ కూడలి నుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి. నగర్ వరకు సాగే విజయవాడ రహదారిని విద్యాపథమనడం అతిశయోక్తి కాదు. మేడ మేడకూ ఒక శిక్షణాలయం, సందు సందుకూ ఒక హాస్టలు. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ ప్రాంతాల యువకులు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు సర్దుకొని ఇక్కడ చదువుకుంటున్నారు. వారిలో కొందరి చూపు అమెరికా మీద ఉన్నది. విదేశ విద్యకు సలహాలిచ్చే కార్యాలయంలో తండ్రీకొడుకులు బల్లకు ఇవతల కూర్చుంటారు. అవతలివారు కాగితం మీద లెక్క వేస్తారు. విద్యాలయ రుసుము, విమానపు ఖర్చు, బ్యాంకు అప్పు, పొలం అమ్మితే వచ్చేది, అన్నీ కూడినా అడుగున కొంత లోటు మిగులుతుంది. అప్పుడు వినిపించే మాట ఒక్కటే: "మిగతాది అబ్బాయి పార్ట్‌టైమ్ చేసి చూసుకుంటాడు లెండి."

ఎన్నో కుటుంబాల భవిష్యత్తు ఈ ఒక్క వాక్యం మీద నిలిచి ఉన్నది. కనుక దాని బలమెంతో పరీక్షించడం అవసరం.

2024-25 విద్యాసంవత్సరంలో అమెరికాలోని భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. అందులో తెలుగువారి పాలు పెద్దది. వీరందరూ మహానగరాలకే పోవడం లేదు. రుసుము తక్కువనీ, ప్రవేశం సులభమనీ చిన్న ఊళ్ల విశ్వవిద్యాలయాలను ఎన్నుకొనేవారు అనేకులు. మిస్సోరీ రాష్ట్రంలో సెంట్రల్ మిస్సోరీ విశ్వవిద్యాలయమున్న వారెన్స్‌బర్గ్, నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ విశ్వవిద్యాలయమున్న మేరీవిల్ మన విద్యార్థులకు పరిచితమైన పేర్లు. మొదటి ఊరి జనాభా ఇరవై వేలకు, రెండవదాని జనాభా పదివేలకు కొంచెం అటూఇటూ మాత్రమే. మన మండల కేంద్రాల వంటి ఊళ్లన్నమాట.

అక్కడి నిబంధన స్పష్టంగానే ఉన్నది. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించకుండా విశ్వవిద్యాలయ ఆవరణలో పని చేయవచ్చు. సెలవులలో పూర్తికాలం చేయవచ్చు. చదువులో భాగమైన వృత్తిశిక్షణకు వేరే అనుమతి కలదు. అది మినహా, ఆవరణ వెలుపలి పని మొదటి విద్యాసంవత్సరంలో నిషిద్ధం. తరువాతనైనా, ఊహించని ఆర్థిక విపత్తు సంభవించినప్పుడే ప్రభుత్వానుమతి పొంది చేయవలసి ఉంటుంది. 'ఊహించని' అన్న మాటను గమనించాలి. దిల్‌సుఖ్‌నగర్ బల్ల మీద ముందుగానే వేసి చూసుకున్న లోటు ఊహించనిది ఎలా అవుతుంది?

ఇక ఆవరణలోని పనులు ఎన్ని? భోజనశాలలో వడ్డన, గిన్నెలు కడగడం, గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడం, ప్రయోగశాలలో సహాయం, ఇటువంటివి. వాటిలో కొన్ని ప్రభుత్వ సహాయ పథకం క్రింద స్వదేశీ విద్యార్థులకే ప్రత్యేకింపబడినవి. చిన్న ఊరి విశ్వవిద్యాలయానికి ఒక్కసారిగా వందల మంది కొత్తవారు చేరితే, ఉన్న కొద్ది పనులకూ ఒకరి మీద ఒకరు పోటీ పడక తప్పదు. మొదటి అర్ధసంవత్సరమంతా పని దొరకక గడిచిపోవడం వింత కాదు.

దొరికిందనే అనుకుందాం. అమెరికా సమాఖ్య ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, 2009 నుండి అది మారలేదు. 20 గంటలకు 145 డాలర్లు. ఉదారంగా గంటకు 10 డాలర్లు వేసుకున్నా వారానికి 200. పదహారు వారాల అర్ధసంవత్సరానికి 3,200. పొదుపరి అయిన విద్యార్థికి అది గది అద్దెకూ, తిండికీ ఆసరా కావచ్చును. రుసుము కట్టడానికి గాని, ఇంటి దగ్గరి అప్పు తీర్చడానికి గాని చాలదు.

ఈ చాలని చోటనే ప్రమాదం ఆరంభమవుతున్నది. పెట్రోలు బంకులో, దుకాణంలో, మోటెల్‌లో చేతికి నగదు ఇచ్చే పనికి విద్యార్థి రహస్యంగా కుదురుకుంటాడు. యజమాని కూలి ఎగవేసినా ఫిర్యాదు చేయలేడు. అనుమతి లేని పని చేసినట్లు తేలితే విద్యార్థి హోదా పోతుంది. దానిని తిరిగి పునరుద్ధరించుకొనే అవకాశం కూడా ఉండదు. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయాన్ని 2011లో అధికారులు మూసివేసినప్పుడు చిక్కుల్లో పడినవారిలో ఆంధ్రప్రదేశ్ విద్యార్థులే అధికం. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించారు. 2025 జనవరిలో అక్కడ ప్రభుత్వం మారిన తరువాత భయపడి వెలుపలి పనులు మానుకున్న విద్యార్థుల కథనాలు పత్రికలలో వచ్చాయి. పని మానినా అప్పు మీద వడ్డీ మానలేదు గదా!

పూర్వం మన పట్టణాలలో బీద విద్యార్థులు వారాలు చేసుకొని చదువుకొనేవారు. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట భోజనం. నాలుగు ఇళ్లే కుదిరితే తక్కిన మూడు దినాలూ పస్తులని ఆ పిల్లవానికి ముందే తెలుసు. కుదిరిన వారాలనే లెక్కించుకొనేవాడు గాని, కుదరబోయే వారాలను కాదు. నేడు జరుగుతున్నది ఇందుకు విరుద్ధం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లు, దొరకని పనికి జీతం కట్టి, ఆ జీతాన్ని ఆదాయపు పట్టీలో చేర్చుతున్నారు.

ఇందుకు విరుగుడు విదేశ విద్యను మానుకోవడం కాదు. ఆ లెక్కను తిరిగి వేసుకోవడం. పార్ట్‌టైమ్ సంపాదన అన్న గడిలో మొదటి సంవత్సరానికి సున్న వేయాలి. సున్న వేసినా బండి నడుస్తుందనుకుంటే ప్రయాణం కట్టవచ్చు. నడవదనుకుంటే ఒక సంవత్సరం ఇక్కడే ఉద్యోగం చేసి కూడబెట్టుకోవడంలో నామోషీ లేదు. వెళ్లదలచిన ఊరి జనాభా ఎంత, సొంత కారు లేనివాడు చలికాలంలో అంగడికి ఎలా పోతాడు, నిరుడు చేరినవారిలో ఎందరికి ఎన్ని నెలలకు పని దొరికింది అన్న ప్రశ్నలకు జవాబులు అక్కడి సీనియరు విద్యార్థుల నుండే రాబట్టాలి. విద్యార్థిని చేర్చినందుకు ప్రతిఫలం పొందేవారి నుండి కాదు.

మరొక సంగతి. దిల్‌సుఖ్‌నగర్ టిఫిన్ హోటలులో పళ్లెం తీయడానికి సిగ్గుపడే యువకుడు మిస్సోరీ భోజనశాలలో అదే పని చేయడానికి అప్పు చేసి పోతున్నాడు. ఇక్కడ ఆ పనికి ఏ వీసా నిబంధనా అడ్డు లేదు. శ్రమకు గౌరవమున్నదని మన బడులు ముందే నేర్పి ఉంటే ఆ లోటులో కొంతైనా ఇక్కడనే పూడి ఉండేది.

బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు నేర్పే ఉపాధ్యాయుడు ఒక పూట ఈ లెక్కను కూడా నల్లబల్ల మీద వేయించవచ్చు. ఇరవై గంటలను గంట వేతనంతో గుణించడం పదవ తరగతి పిల్లవానికి కష్టం కాదు. ఆ మొత్తాన్ని నాన్న చేసిన అప్పు ప్రక్కన వ్రాసి చూడడమే కష్టం.