పండ్లపొడికీ పరీక్ష కావాలి

‘తాతల నాటి పండ్లపొడికి పరీక్ష ఎందుకు?’ అని పలువురు ప్రశ్నిస్తుంటారు. పరీక్ష ఆయుర్వేదానికి అవమానం కాదు, అవసరమని నా అభిప్రాయం.

సుశ్రుతుడు దంతరోగాలలో కృమిదంతాన్ని పేర్కొన్నాడు. 1940వ దశకంలో అమెరికాలో స్టీఫాన్ అను శాస్త్రజ్ఞుడు, చక్కెరనీటితో పుక్కిలించిన కొద్ది నిమిషాలకే పంటిపాచిలో ఆమ్లం పెరుగుతుందని కొలిచి చూపాడు. పి.హెచ్. సుమారు 5.5కు దిగువకు పడినప్పుడు పంటిపై ఎనామిల్ పొర కరుగుతుంది. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు దానిని మరల కొంత పూరిస్తాయి.

ప్రయోగశాలలో ఈ క్రమాన్నే అనుకరిస్తారు. ఊడదీసిన పంటిముక్కను కొన్ని గంటలు ఆమ్లద్రవంలోను, పిదప లాలాజలాన్ని పోలిన ఖనిజద్రవంలోను ఉంచుతారు. నడుమ మందు పూస్తారు. కొన్ని దినాలు ఇట్లు జరిపి, వజ్రపుమొనతో నొక్కి చూస్తారు. నొక్కు పెద్దదైతే పొర మెత్తబడినట్లు. ఫ్లోరైడు ఇట్టి పరీక్షలలోను, పిమ్మట మనుష్యులలోను నెగ్గినది.

వేప, కానుగ, తుమ్మ చూర్ణాలను కూడ వైద్యులమే ముందుకు వచ్చి ఈ పరీక్షకు నిలపాలి. గాజుపాత్రలోని పన్ను నోటిలోని పన్నుకు సాటి రాదన్నది నిజమే. అయినను అది తొలిమెట్టు.

పన్ను తెల్లబడుట ఆరోగ్యానికి గుర్తు కాదు. ఉప్పు, నిమ్మరసంతో తోమినచో మురికి పోవచ్చును గాని, నిమ్మలోని ఆమ్లం ఎనామిల్‌నే కరిగిస్తుంది. కనుక ఆ అలవాటు మానండి. తీపి తిన్న వెంటనే నీటితో పుక్కిలించండి. తెల్లమచ్చ దశలో పొర కోలుకొనగలదు. గుంట పడిన పంటిని ఏ చూర్ణమూ పూడ్చలేదు. అప్పుడు జాగు చేయక దంతవైద్యునికి చూపించండి.