వెన్న చిలికితే మార్కులొస్తాయా?

మొన్నీమధ్య మా అమ్మాయి స్కూలు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇయర్ 5 పిల్లలందర్నీ ఒక రోజు ట్యూడర్ కాలం నాటి ఇంటి మ్యూజియానికి తీసుకెళ్తారట. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వర్క్‌షాపులట. తలా 18 పౌండ్లు "స్వచ్ఛంద విరాళం" ఇమ్మని సారాంశం. ఉత్తరం వచ్చిన పావుగంటలో మా ఊరి తెలుగు తండ్రుల వాట్సాప్ గ్రూపు వేడెక్కింది.

"స్వచ్ఛందం అంటే ఇవ్వక్కర్లేదు అన్నా, నేను రూల్సు చూశా" అని ఒకాయన. "గౌన్లేసుకుని వెన్న చిలికితే మార్కులొస్తాయా?" అని ఇంకొకాయన. "ఆ రోజంతా 11 ప్లస్ ప్రాక్టీసు చేయిస్తే నయం" అని మూడో ఆయన. "అసలు వీళ్ళ రాజుల గోల మన పిల్లలకెందుకండీ" అని నాలుగో పెద్దమనిషి.

నేనేం తక్కువ తినలేదు. ఒక నవ్వుబొమ్మ పెట్టి ఊరుకున్నా. డబ్బులూ కట్టలేదు.

రెండు వారాల తర్వాత ఇంకో ఉత్తరం. విరాళాలు చాల్లేదు, ఇలాగైతే ట్రిప్పు రద్దు చెయ్యాల్సి వస్తుంది అని. ఆ ఉత్తరం చదివి మా ఆవిడ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను. కట్టేశా. పిల్లలతో వెళ్ళడానికి పెద్దవాళ్ళు కూడా తక్కువయ్యారంటే ఒక రోజు సెలవు పెట్టి నేనే వెళ్ళా. ఆ రోజు చూసింది చూశాక ఈ టపా రాయకుండా ఉండలేకపోతున్నా. తిట్లు ముందు నాకు, తర్వాత మిగతా నలుగురికి.

ముందు ఆ "స్వచ్ఛందం" సంగతి తేలుద్దాం. ఇంగ్లండులో ప్రభుత్వ బడులు బడివేళల్లో జరిగే చదువుకి ఫీజు వసూలు చెయ్యకూడదు, 1996 నాటి విద్యా చట్టం ఒప్పుకోదు. అందుకే విరాళం అని అడుగుతారు. ఇవ్వలేదని ఏ పిల్లాణ్ణీ వదిలేసి వెళ్ళకూడదు. కానీ మొత్తం మీద డబ్బులు చాలకపోతే ట్రిప్పే మానెయ్యొచ్చు. ఈ రూలు ఎవరి కోసం? 18 పౌండ్లంటే ఆ వారం ఇంట్లో సరుకులకి తడుముకోవాల్సిన వాళ్ళ కోసం. ఇద్దరి జీతాలు, రెండు కార్లు, పండగ సెలవలకి దుబాయి వెళ్ళే మన కోసం కాదు. పేదపిల్లాడి కోసం తెరిచి ఉంచిన తలుపులోంచి మనం దర్జాగా దూరి, "రూల్సు చూశా" అని మురిసిపోతున్నాం.

పైగా ఇంకో తిరకాసుంది. 2014 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న ఇంగ్లండు సిలబస్‌లో ప్రైమరీ పిల్లలకి దేశ చరిత్ర 1066 దాకానే వరసగా చెప్పాలి. ఆ తర్వాతి కాలంలోంచి ఏదో ఒక అంశం బడి ఇష్టం. అంటే 1485 నుంచి 1603 దాకా ఏలిన ట్యూడర్లని ప్రైమరీలో చెప్పి తీరాలన్న నియమం ఇప్పుడు లేదు. టీచరు కావాలనుకుంటేనే చెప్తుంది. బస్సు మాట్లాడి, ఫారాలు నింపి, అరవై మంది పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ తీసుకెళ్ళే ఓపిక ఆవిడదే. డబ్బుల్లేక ఒకసారి రద్దయితే వచ్చే ఏడాది ఆవిడ మళ్ళీ ఎందుకు పూనుకుంటుంది? ఓ పాతిక స్లైడ్లు చూపించి "హెన్రీకి ఆరుగురు భార్యలు" అని చెప్పేసి ముగిస్తుంది.

సరే, ఆ రోజు ఏం జరిగిందో చెప్తా.

మొదటిది గోడ కట్టడం. ట్యూడర్ ఇళ్ళు నల్ల చెక్కలూ తెల్ల గోడలూ అని ఫొటోల్లో చూడటమే గానీ ఆ తెల్లదనం వెనక ఏముందో నాకూ తెలీదు. సన్నటి కొమ్మలు అల్లి తడిక చేసి, దాని మీద మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తుతారు. మా తాతగారి ఊళ్ళో పశువుల కొట్టానికి ఉన్న గోడ ఇదే! పిల్లలకి పేడ లేకుండా ఇచ్చారు లెండి. మట్టి పల్చగా కలిపిన గుంపు గోడ జారి కిందపడింది. మళ్ళీ గడ్డి కలిపి మెత్తారు, నిలబడింది. గడ్డి ఎందుకు వేస్తారో ఆ పిల్లలు ఇంక ఎప్పటికీ మర్చిపోరు. మనం పని నేర్చుకున్నది మాత్రం ఎలాగ? యూజర్ మాన్యువల్ బట్టీపట్టా, సర్వర్ పడిపోయినప్పుడు అర్ధరాత్రి కూర్చునా?

రెండోది రోలూ పొత్రమూ. మిరియాలు నూరుతుంటే అక్కడావిడ అడిగింది, ఇవి ఎక్కణ్ణుంచి వచ్చేవీ అని. "టెస్కో!" అని అరిచారు పిల్లలు. ఆవిడ నవ్వి మలబారు తీరం నుంచి ఇంగ్లండు దాకా దారంతా చెప్పింది. మా అమ్మాయి గర్వంగా నావైపు చూసింది. నాలుగో పెద్దమనిషికి జవాబు ఇక్కడే ఉంది. ఈస్టిండియా కంపెనీకి పత్రం రాసిచ్చింది ట్యూడర్లలో చివరి రాణి మొదటి ఎలిజబెత్తే, 1600 డిసెంబరు 31న. 1611 కల్లా ఆ కంపెనీ వాళ్ళు మన మచిలీపట్నంలో కొట్టు తెరిచారు. "వీళ్ళ రాజుల గోల" మన గోల కాకుండా ఎలా పోతుందండీ?

మూడోది, వెన్న. నిలువు పీపాలో మీగడ పోసి కర్రతో పైకీ కిందకీ దంచాలి. మొదటి ఐదు నిమిషాలు సరదా. తర్వాత చేతులు లాగేస్తాయి. ఆ కాలపు పనమ్మాయి వేషంలో ఉన్నావిడ ఆపనివ్వదు. మా అమ్మాయి ఆయాసపడుతూ అడిగింది, "మరి మీరు స్కూలుకి ఎప్పుడెళ్తారు?" అని. ఆవిడ వేషంలోంచి బయటికి రాకుండానే, "స్కూలా? మా యజమానిగారబ్బాయి వెళ్తాడు" అంది. "మరి వాళ్ళమ్మాయి?" "ఆవిడకి ఇంట్లోనే కుట్టుపనీ, ఇల్లు నడపడం నేర్పిస్తారు."

వచ్చేటప్పుడు బస్సులో మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్నా, నేను అప్పుడు పుట్టుంటే నాకు చదవడం వచ్చేది కాదా?" అంది. ఎలిజబెత్ రాణికి లాటినూ గ్రీకూ వచ్చని పుస్తకంలో ఉంది. పీపా ముందు నిలబడ్డ అమ్మాయికి ఏం వచ్చో పుస్తకంలో లేదు. నేను కాసేపు ఆలోచించి, "ట్యూడర్ల దాకా ఎందుకమ్మా, మా నానమ్మ వేలిముద్రే వేసేది" అన్నా. అప్పటిదాకా మా నానమ్మ గురించి ఆ పిల్ల ఒక్క ప్రశ్నా అడగలేదు. ఇల్లు చేరేదాకా అడుగుతూనే ఉంది. ఈ ప్రశ్న ఏ 11 ప్లస్ పేపర్లో వస్తుందో ఎవరైనా చెప్పండి.

"ఇదంతా ఫ్యాన్సీ డ్రెస్సు అన్నా, చరిత్ర కాదు" అనేవాళ్ళ మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకుంటా. అందరికీ కిరీటాలు పెట్టి, రాజుగారి విందని చికెన్ కాళ్ళిచ్చి పంపేస్తే అది పుట్టినరోజు పార్టీ. హాంప్టన్ కోర్టు ప్యాలెస్ వంటశాలలు రోజుకి రెండుపూటలా సుమారు 600 మందికి వండటానికి కట్టినవి. ఆ నిప్పుల ముందు చెమటలు కక్కుతూ మాంసం ఊచ తిప్పిన కుర్రాళ్ళ సంగతి చెప్పకపోతే ఆ విందు అబద్ధం. 1545లో మునిగిపోయి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలో దొరికిన వస్తువులు ఇప్పుడు పోర్ట్స్‌మత్ మ్యూజియంలో ఉన్నాయి. కిరీటాలు కాదు. చెక్క గిన్నెలు, చెప్పులు, పేలదువ్వెనలు. మామూలు మనుషులవి. మంచి వర్క్‌షాపు అంటే పిల్లల్ని ఆ దువ్వెన దాకా తీసుకెళ్ళేది. అలా లేకపోతే స్కూలుని నిలదీయండి. అంతేగానీ ట్రిప్పునే చంపెయ్యకండి.

మన సంగతి చూడండి. ఎనిమిదో హెన్రీ గద్దెనెక్కింది 1509లో. శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కిందీ 1509లోనే. ఈ ముక్క నాకు నలభై ఏళ్ళొచ్చాక తెలిసింది. బళ్ళో అష్టదిగ్గజాల పేర్లు ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పి సోషల్లో 84 తెచ్చుకున్నా. విజయనగరంలో జనం ఏం తిన్నారో, గోడలు దేంతో కట్టుకున్నారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఉద్యోగం వచ్చాక ఆఫీసు వాళ్ళతో హంపీ వెళ్ళి, రాతిరథం ముందు ఫొటో దిగి, బిర్యానీ తిని వచ్చేశా. అప్పజెప్పే చదువు నన్ను అంత మొద్దుని చేసింది. అదే చదువు నా కూతురికి పౌండ్లు పోసి మరీ కొనిపెట్టబోయా.

కాబట్టి అన్నలూ, వచ్చే టర్ములో ఉత్తరం వస్తే రూల్సు చూడకండి. కట్టెయ్యండి. వీలైతే పక్కవాడి పిల్లాడి కోసం ఇంకో 18 కట్టండి. ఇంకా వీలైతే ఒక రోజు సెలవు పెట్టి వెళ్ళండి. చేతులు నొప్పెడతాయి, చొక్కాకి మట్టి అవుతుంది, ఏం ఫర్లేదు.

ఇక వెన్న చిలికితే మార్కులొస్తాయా అన్న పెద్దమనిషికి: రావు. మీ పిల్లాడు మాత్రం ఆ రోజు గోడ కట్టాడు, పడిపోయాక మళ్ళీ కట్టాడు. ఇంటికొచ్చాక మీరు అడిగారా?