సర్టిఫికెట్ అంటే జాతకం కాదు

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. పుట్టగానే ఏడవలేదు. ఇప్పటికీ నిలబడలేడు, కాళ్లు బిగుసుకుపోతాయి. వాడికోసం కూలిపని మానేశాను. మావారి ఆటో ఒక్కటే ఆధారం. సదరం సర్టిఫికెట్ తీసుకుంటే బిడ్డ ఇక బాగుపడడని మనమే ఒప్పుకున్నట్లని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక సోదరి, భద్రాచలం

జవాబు: అమ్మా, అధైర్యపడకండి. సర్టిఫికెట్ జాతకం కాదు. ఈనాటి స్థితి రాసిన కాగితం మాత్రమే. మార్పు రావచ్చని తోస్తే డాక్టర్లు తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి, గడువు తీరాక మళ్లీ పరీక్షిస్తారు.

మీరు రాసినదానిని బట్టి ఇది సెరిబ్రల్ పాల్సీ కావచ్చు. పిల్లల డాక్టరు చూసి నిర్ధారించాలి. ఇందులో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. కాని వ్యాయామం లేకపోతే కండరాలు కుదించుకుపోయి కీళ్లు బిగుస్తాయి. మందుతో నడిపిస్తామనే వారి మాట నమ్మి నగలు కుదువపెట్టకండి. ఫిజియోథెరపిస్టు చూపినట్లు రోజూ చేయించడమే ముఖ్యం. అందుకు మీ కూలి పోతోంది కనుకనే సాయం అడగడం మీ హక్కు.

మొదట మీ సేవ కేంద్రంలో దరఖాస్తు పెట్టండి. ఆధార్, ఫొటో, పాత వైద్య కాగితాలు దగ్గర ఉంచుకోండి. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటే వికలాంగుల పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. తెలంగాణలో ఆ మొత్తాన్ని 2023లో నెలకు 4,016 రూపాయలు చేశారు. మంజూరు ఆలస్యం కావచ్చు, రసీదు భద్రపరచండి.

కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్టు వారి ‘నిరామయ’ బీమా సెరిబ్రల్ పాల్సీకి వర్తిస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు పరిమితి. ఫిజియోథెరపీ ఖర్చుకూ కొంత కేటాయింపు ఉంది. మీ మండల భవిత కేంద్రంలో ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు, దారిఖర్చు భత్యం సంగతి అడగండి.

పక్కనే ఉన్న ఎటపాక, చింతూరు పాఠకులకు ఒక మాట. ఆ మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. వైద్యానికి భద్రాచలం వచ్చినా, పింఛనుకు మీ సచివాలయంలోనే దరఖాస్తు పెట్టాలి. అక్కడ వికలాంగుల పింఛనును 2024 జూలైలో 6,000 రూపాయలు చేశారు.

అమ్మా, ఫిజియోథెరపిస్టు దగ్గరకు మీ అత్తగారిని కూడా తీసుకెళ్లండి. ఆమె కూడా వ్యాయామాలు నేర్చుకుంటే మీ నడుముకు కాస్త విశ్రాంతి. ఒకపూట పనికి వెళ్లే వీలూ కలుగుతుంది.