పరిశోధన పత్రం – రూపమర్యాద

చెప్పదలచిన విషయం ఎంత ముఖ్యమో, దానిని చెప్పే తీరూ అంతే ముఖ్యం. శాస్త్ర సాంకేతిక రంగాలలో ఒకరు కనుగొన్న విషయం పదిమందికీ తెలిసి, పదిమంది పరీక్షకూ నిలిచినప్పుడే విజ్ఞానంగా గౌరవం పొందుతుంది. ఆ పరీక్షకు ఏర్పడిన వేదికలలో సదస్సు ఒకటి. సదస్సుకు సమర్పించే రచనను పరిశోధన పత్రం అంటారు. ఇంజనీరింగు సదస్సుల నిర్వాహకులు పత్రం ఏ రూపంలో ఉండాలో తెలిపే నమూనాను ముందుగానే అందజేస్తారు. అక్షరాల పరిమాణం మొదలుకొని ఆధారాల సంఖ్యల వరకు అందులో ప్రతిదానికీ ఒక నియమం ఉంటుంది. ఈ నియమపాలనను గడువునాటి రాత్రి ముగించవలసిన చాకిరీగా భావించే విద్యార్థులు అనేకులు. ఆ భావన సరియైనది కాదు. రూపనియమం చదువరిపట్ల రచయిత చూపవలసిన మర్యాద. అంతకు మించి, సత్యం వక్రీకరణకు గురికాకుండా కాపాడే కట్టుబాటు. అయితే రూపమే సారమని భ్రమించడం కూడా అంతే ప్రమాదకరం.

ప్రపంచమంతటా ఎక్కువగా వాడుకలో ఉన్న నమూనాలలో ఐ ట్రిపుల్ ఇ సంస్థ నమూనా ముఖ్యమైనది. విద్యుత్, రేడియో ఇంజనీర్ల సంఘాలు రెండు 1963లో కలిసిపోగా ఈ సంస్థ ఏర్పడింది. దీని సదస్సు నమూనాలో పుట రెండు నిలువు వరుసలుగా ఉంటుంది. శీర్షిక 24 పాయింట్లలోను, ప్రధాన రచన 10 పాయింట్లలోను, సంగ్రహం 9 పాయింట్లలోను ఉండాలి. ఇవి ఎవరో ఊరకే నిర్ణయించిన అంకెలు కావు. చిన్న అక్షరాలతో పుట వెడల్పంతా సాగే పంక్తి చివరికి చేరిన కన్ను, తరువాతి పంక్తి మొదలును వెదుక్కోవలసివస్తుంది. పంక్తి పొట్టిదైతే ఆ శ్రమ తగ్గుతుంది. రెండు వరుసల ఏర్పాటులోని ప్రయోజనం ఇదే. కాగితపు కొలత విషయమూ ఇటువంటిదే. మన దేశంలో వాడే ఎ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు గలది. అమెరికాలో వాడే లెటర్ కాగితం అంతకంటె కొంచెం వెడల్పుగాను, పొట్టిగాను ఉంటుంది. ఒకదానికి కూర్చిన పుటను మరొకదానిపై ముద్రిస్తే అంచులు చెడిపోతాయి. కనుక తగిన నమూనాను ఎన్నుకోవడమే రచయిత మొదటి పని.

అంచులను, పంక్తుల నడిమి ఖాళీని, అక్షరాల పరిమాణాన్ని మార్చరాదని ఆ నమూనా స్పష్టంగా ఆదేశిస్తుంది. పత్రం ఒంటరి రచన కాదు, సదస్సు సంపుటంలో ఒక భాగం. అందరి పత్రాలూ అందులో ఒకే తీరున అమరాలి. పంక్తిభోజనానికి కూర్చున్నవాడు తన విస్తరిని పక్కవాని చోటులోకి జరుపుకొనరాదు గదా! ఆరు పుటలలో ముగించవలసిన విషయం ఏడు పుటలకు పెరిగినప్పుడు, అక్షరాలను కుదించి, అంచులను కోసి ఆరింటిలో ఇమిడ్చే నేర్పును కొందరు ప్రదర్శిస్తారు. అది నేర్పు కాదు, తోటి రచయితల పట్ల అన్యాయం. అవసరం లేని వాక్యాన్ని గుర్తించి తొలగించడమే నిజమైన నేర్పు. పుటల పరిమితి రచయితకు నేర్పే గొప్ప పాఠం కూడా అదే.

పత్రంలోని అంగాల అమరికలోనూ ఔచిత్యం కనిపిస్తుంది. శాస్త్రగ్రంథానికి విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ ఆరంభంలోనే తెలియాలని మన ప్రాచీనులు నియమించారు. దీనినే అనుబంధ చతుష్టయం అన్నారు. నేటి పత్రంలో సంగ్రహం, కీలకపదాలు, ఉపోద్ఘాతం కలిసి ఇదే పని చేస్తున్నాయి. సంగ్రహం చదివిన వ్యక్తి ఈ పత్రం తనకు పనికివచ్చునో లేదో కొద్ది క్షణాలలో తేల్చుకోగలగాలి. అందువల్లనే సంగ్రహంలో గణితచిహ్నాలను, పాదసూచికలను వాడరాదన్నారు.

తెలుగు కావ్య సంప్రదాయం తెలిసినవారికి ఈ అమరిక కొత్తగా తోచదు. కావ్యావతారికలో కవి పూర్వకవులను స్తుతిస్తాడు. పత్రరచయిత తనకు ముందు జరిగిన కృషిని పేర్కొంటాడు. కవి కృతిపతిని కీర్తిస్తాడు. పత్రరచయిత ధనసహాయం చేసిన సంస్థకు కృతజ్ఞత తెలుపుతాడు. ఆశ్వాసాంత గద్యలో కవి పేరు, కృతి పేరు కనిపిస్తాయి. పత్రం తొలిపుటలో రచయిత పేరు, ఆయన పనిచేసే సంస్థ పేరు కనిపిస్తాయి. కుకవినింద మాత్రం పరిశోధన పత్రంలో చెల్లదు. అక్కడ నిందకు చోటు లేదు, సహేతుకమైన విమర్శకే చోటు. రూపనియమం ప్రతిభకు సంకెల కాదని చెప్పడానికి మన పద్యమే తగిన సాక్ష్యం. యతిప్రాసలు పాటిస్తూనే మహాకవులు మహాకావ్యాలు రచించారు.

కొన్ని నియమాలు చూపునకు మిక్కిలి చిన్నవి. దశాంశ బిందువుకు ముందు సున్న ఉంచి 0.25 అని వ్రాయాలనడం అందులో ఒకటి. సున్న లేకుంటే ముద్రణలో చుక్క మాసిపోయి, పావు కాస్తా ఇరవై అయిదుగా మారవచ్చు. రేఖాచిత్రం అక్షాలపై ఒంటరి అక్షరాలకు బదులు పూర్తి పదాలను వ్రాసి, పక్కన ప్రమాణాన్ని సూచించాలనడం మరొకటి. ప్రమాణాల విషయంలో ఏమరుపాటు ఎంతటి నష్టం తెచ్చునో 1999 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. కుజగ్రహ వాతావరణాన్ని పరిశీలించడానికి అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే నౌక గమ్యం చేరిన నాడే నాశనమైంది. ఒక బృందం వారి గణనలు పౌను ప్రమాణంలో వెలువడగా, మరొక బృందం వాటిని న్యూటన్ ప్రమాణంలో ఉన్నవిగా స్వీకరించింది. ఒక పౌను బలం దాదాపు 4.45 న్యూటన్లకు సమానం. ఆ నష్టానికి పరిశోధన పత్రం కారణం కాకపోవచ్చు. కాని, అంకె పక్కన ప్రమాణం ఎందుకు ఉండాలో చెప్పడానికి ఇంతకంటె వేరే నిదర్శనం అక్కరలేదు.

ఆధారాల పట్టికను కేవలం అలంకారంగా భావించడం మరొక పొరపాటు. రచనలో ఒక మాట వద్ద చదరపు కుండలీకరణాలలో ఉంచిన సంఖ్య, ఆ మాట ఎవరిదో తెలుపుతుంది. చదువరి స్వయంగా వెళ్లి సరిచూసుకొనడానికి అది దారి చూపుతుంది. చదవని గ్రంథాన్ని పట్టికలో చేర్చడం అసత్యం. చదివి ఉపయోగించుకొన్న గ్రంథాన్ని చేర్చకపోవడం చౌర్యం. కొన్ని సదస్సులలో పరిశీలనకు పంపే ప్రతిపై రచయిత పేరు ఉండరాదని నియమం ఉంటుంది. పేరు మోసిన సంస్థ నుండి వచ్చిన పత్రమైనా, మారుమూల కళాశాల నుండి వచ్చినదైనా ఒకే దృష్టితో తూగాలన్నది అందులోని ధర్మం. తెలుగునాట చిన్న పట్టణాలలో చదివే ఇంజనీరింగు విద్యార్థులకు ఈ నియమం నిజంగా అండ.

ఇంత శ్రమ ఎందుకు, ఆ సమయాన్ని ప్రయోగంపై వెచ్చించరాదా అని ప్రశ్నించేవారున్నారు. వారి వాదంలో కొంత న్యాయం ఉంది. సదస్సుకొక నమూనా ఉండటంవల్ల, ఒకచోట తిరస్కృతమైన పత్రాన్ని మరొకచోటికి పంపడానికి రూపమంతా మార్చవలసివస్తుంది. తొలి పరిశీలనకు చదవడానికి అనువైన సామాన్యరూపాన్ని అంగీకరించి, ఎంపికైన పిదపనే పూర్తి నియమాలను కోరడం నిర్వాహకులకు ఉచితం. ఈ శ్రమను తగ్గించే సాధనాలు కూడా వెలశాయి. తన గ్రంథం మలిముద్రణకు వచ్చిన అచ్చుప్రతులు వికారంగా ఉండటం చూసి, డొనాల్డ్ నూత్ అనే ఆచార్యుడు 1977లో టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థను రూపొందించడం ప్రారంభించాడు. ఆ తరువాత లెస్లీ లాంపోర్ట్ దానిని ఆధారం చేసుకొని లేటెక్‌ను నిర్మించాడు. ఇందులో రచయిత ఇది శీర్షిక, ఇది సమీకరణం అని తెలిపితే చాలు. పరిమాణాన్ని, స్థానాన్ని, సంఖ్యలను యంత్రమే చూసుకొంటుంది. గణితగ్రంథం అందంగా అచ్చుకావాలని ఒక శాస్త్రజ్ఞుడు ఏళ్ల తరబడి శ్రమించాడంటే, రూపం అల్పవిషయం కాదని తెలియడం లేదా?

అయినా రూపానికి ఒక హద్దు ఉంది. 2005లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులు ముగ్గురు, అర్థంలేని వాక్యాలతో పరిశోధన పత్రాలను తయారుచేసే ఒక కంప్యూటరు ప్రోగ్రాం వ్రాశారు. శీర్షిక, సంగ్రహం, రేఖాచిత్రాలు, ఆధారాలు అన్నీ నియమం ప్రకారమే ఉన్న అటువంటి పత్రాన్ని ఒక సదస్సు అంగీకరించింది కూడా. ఆ ప్రోగ్రాంతో పుట్టిన పత్రాలు అనేకం ప్రచురితమైనట్లు తరువాత బయటపడటంతో, 2014లో రెండు ప్రసిద్ధ ప్రచురణ సంస్థలు 120కి పైగా పత్రాలను ఉపసంహరించుకొన్నాయి. ప్రాణం లేని బొమ్మకు పట్టుబట్ట కట్టినట్లు, సారం లేని రచనకు ఎంత చక్కని రూపం ఇచ్చినా అది విజ్ఞానం కాజాలదు. అడిగిన క్షణాన యంత్రాలు సలక్షణమైన వాక్యాలు అల్లి ఇస్తున్న ఈ కాలంలో, ఈ హెచ్చరిక మరింత అవసరం.

కనుక రేపటి ఇంజనీర్లు కాగోరే విద్యార్థులు రెండు విషయాలను గుర్తుంచుకోవాలి. మొదట చెప్పదగిన విషయాన్ని సాధించాలి. పిదప దానిని ఇతరులు సులభంగా గ్రహించి, పరీక్షించి, అవసరమైతే కాదనడానికి కూడా వీలైన రూపంలో నిలపాలి. ప్రతి నియమాన్నీ పాటించే ముందు, అది ఎవరికి మేలు చేయడానికి పుట్టిందో తెలుసుకోవాలి. అలా తెలిసినవాడికి నమూనాపత్రం ఒక ఆజ్ఞగా తోచదు. తనకు ఎన్నడూ ముఖపరిచయం కాని దూరదేశపు చదువరి, తన పత్రంలో కోరే సౌకర్యాల జాబితాగా కనిపిస్తుంది. ఆ చదువరిని గౌరవించడమే పరిశోధకుని తొలి సంస్కారం.