0.4 సరే, ఆ 20 మార్కుల మాటేమిటి?

ఈ వారం వ్యాసం సోషల్ జస్టిస్, ఎడ్యుకేషన్ టాపిక్ కిందకు వస్తుంది. జీఎస్-2కీ, ఎస్సే పేపర్‌కీ, ఇంటర్వ్యూకీ పనికొస్తుంది. అయితే నోట్స్ లాగా రెండు వైపులా సమానంగా రాయలేదు. ఈ విషయంలో నాకు ఒక పక్షం ఉంది. చదివాక మీరు వాదించండి.

మాక్ ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న ఇది: "బాసర ట్రిపుల్ ఐటీలో ప్రభుత్వ బడి పిల్లలకు 0.4 అదనంగా కలుపుతారు కదా, అది మెరిట్‌కు వ్యతిరేకం కాదా?" మనలో చాలామంది, ముఖ్యంగా ఇంజినీరింగ్ నుంచి వచ్చినవాళ్ళు, కాస్త ఇబ్బందిగా కదిలి "సర్, సామాజిక న్యాయం కోసం మెరిట్‌లో కొంత రాజీ తప్పదు" అంటారు. ఈ జవాబు తప్పు అంటాను. అందులో రాజీ ఏమీ లేదు. అసలు అడగాల్సిన ప్రశ్న 0.4 గురించి కాదు, మెమోలో కనిపించకుండా ఇంకొకరికి కలిసే మార్కుల గురించి.

ముందు విషయం

రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. పల్లెటూరి పిల్లల్ని పదో తరగతి అవ్వగానే తీసుకుని, రెండేళ్ళు పీయూసీ, నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు క్యాంపస్‌లోనే ఉంచి చదివించాలన్నది ఆలోచన. నూజివీడు, ఇడుపులపాయ, బాసరలతో మొదలైంది. ఎంట్రన్స్ పెడితే కోచింగ్ వాళ్ళ చేతుల్లోకి పోతుందని, పదో తరగతి ఫలితాలతోనే ప్రవేశాలు పెట్టారు. నాన్-రెసిడెన్షియల్ ప్రభుత్వ, జిల్లా పరిషత్, మున్సిపల్ బడుల్లో చదివినవాళ్ళకు డిప్రివేషన్ స్కోర్ కలుపుతారు. తెలంగాణలో గ్రేడ్ల కాలంలో అది 10కి 0.4.

పదో తరగతి మార్కుల్లో ఏముంది? 2014-15 నుంచి ప్రతి సబ్జెక్టులో 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు బడిలోనే వేసే ఇంటర్నల్స్‌కు. ఎఫ్ఏ-1 నుంచి ఎఫ్ఏ-4 దాకా నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు. ఒక్కోదాంట్లో ప్రతిస్పందనలు, రాత అంశాలు, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష. కాగితం మీద మంచి ఆలోచనే. బట్టీ తగ్గాలి, పిల్లవాడు ఏడాదంతా నేర్చుకోవాలి. ఎవరు కాదంటారు?

కానీ ఆ 20 ఎవరు వేస్తారు? బడే వేస్తుంది. ఫలితాలొచ్చిన మర్నాడు ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టేదీ, దాన్ని చూపించి వచ్చే ఏడాది అడ్మిషన్లు చేసుకునేదీ ఆ బడే. ఎవరి నెత్తిన వాళ్ళే అక్షింతలు వేసుకుంటే దీవెన ఎంత బలంగా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

నేను చదివింది ఒక చిన్న పట్టణంలో ప్రైవేటు బడి. మా ఎఫ్ఏ రికార్డులు నాలుగు విడతల్లో కాదు, తనిఖీకి ముందు ఒకే వారంలో తయారయ్యాయి. తరగతిలో ఎవరికీ 18కి తగ్గలేదు. అది మా బడి ప్రత్యేకత అనుకునేవాణ్ణి. బీటెక్‌లో చేరాక, నాలుగు జిల్లాల నుంచి వచ్చిన రూమ్మేట్లు అందరూ అదే కథ చెప్పారు.

ఒక చిన్న లెక్క

ఇంజినీర్లం కదా, లెక్క వేద్దాం. రెండో భాష తప్ప మిగతా సబ్జెక్టుల్లో 91 లేదా అంతకు మించి వస్తే ఏ1, అంటే 10 పాయింట్లు. 81 నుంచి 90 దాకా ఏ2, 9 పాయింట్లు.

ఇంటర్నల్స్‌లో 20కి 20 వచ్చిన పిల్లకు ఏ1 కావాలంటే పబ్లిక్ పరీక్షలో 80కి 71 చాలు. నిజాయితీగా దిద్ది 15 వేసిన బడిలో పిల్లకు 76 కావాలి. ఒకరికి 89 శాతం, ఇంకొకరికి 95 శాతం. ఇద్దరి మెమోల మీదా అదే ఏ1.

ఒక్కో గ్రేడు వెడల్పు సుమారు 10 మార్కులు. ఊరికే 5 మార్కులు కలిస్తే, సగటున సగం సబ్జెక్టుల్లో పిల్లవాడు గీత దాటి పై గ్రేడులో పడతాడు. ఆరింటిలో మూడు సబ్జెక్టుల్లో ఒక్కో పాయింటు పెరిగితే జీపీఏ 0.5 పెరుగుతుంది. ఇది సగటు అంచనాయే. ఇప్పటికే ఏ1లో ఉన్నవాడికి పెరిగేదేమీ ఉండదు. అయినా 0.5ని 0.4 పక్కన పెట్టి చూడండి.

0.4 ప్రాస్పెక్టస్‌లో అచ్చయి ఉంటుంది, అందరూ చూస్తారు, టీవీ చర్చల్లో తిడతారు. 0.5 ఎక్కడా అచ్చవ్వదు. దానికి డిప్రివేషన్ అనో ప్రివిలేజ్ అనో పేరు కూడా లేదు. ప్రభుత్వ బడి పిల్లకు ఇచ్చే 0.4లో ఎంత భాగం ఆమె వెనుకబాటును పూడుస్తోంది, ఎంత భాగం పక్క బడి ఉదారతను రద్దు చేయడానికే ఖర్చైపోతోంది? నాకు కోపం తెప్పించేది ఇదే.

ఇంకో సంగతి. ఈ స్కోరు నాన్-రెసిడెన్షియల్ బడులకే. రెసిడెన్షియల్ గురుకులంలో చదివిన కూలివాళ్ళ పిల్లకు ఆ రక్షణ కూడా లేదు. ఆమె నేరుగా ఫ్లెక్సీ బడుల 20కి 20తో పోటీపడాలి.

అనుమానమా? 2021 చూడండి

ఇదంతా ఊహ అనేవాళ్ళ కోసం ప్రకృతే ఒక ప్రయోగం చేసి పెట్టింది. కరోనా వల్ల 2021లో తెలంగాణలో పది పరీక్షలు జరగలేదు. బడి వేసిన ఎఫ్ఏ మార్కులనే వందకు పెంచి గ్రేడ్లిచ్చారు. 5 లక్షల 20 వేల పైచిలుకు పిల్లల్లో 2 లక్షల 10 వేల మందికి పైగా 10కి 10 జీపీఏ వచ్చింది. 2022లో పబ్లిక్ పరీక్ష తిరిగి రాగానే ఆ సంఖ్య 11 వేల పైచిలుకుకు, 2023లో 6 వేల పైచిలుకుకు పడిపోయింది.

పిల్లల తెలివి రెండేళ్ళలో ముప్పై అయిదో వంతుకు పడిపోలేదు కదా! దిద్దే చెయ్యి మారింది, అంతే. ఆ ఏడాది బాసర ప్రవేశాలు పది గ్రేడ్లతో చేయలేక పాలిసెట్ ర్యాంకుతో చేయాల్సి వచ్చింది. తమ రాష్ట్రం బడులు వేసిన మార్కులను నమ్మలేమని వ్యవస్థే ఒప్పుకున్నట్టు. మరి పూర్తిగా నమ్మలేని మార్కుల్ని ఐదో వంతు మాత్రం ఎలా నమ్ముతున్నాం?

ఇది మన దగ్గరే కాదు. 2021లో సీబీఎస్ఈ పన్నెండో తరగతికి కూడా పరీక్ష లేకుండా లెక్కగట్టి ఫలితాలిచ్చింది. ఉత్తీర్ణత 99.37 శాతం. మార్కులు మరీ పెరగకుండా బడి గత మూడేళ్ళ ఫలితాల్లో మెరుగైన ఏడాదిని కొలబద్దగా పెట్టారు. దాని ఫలితమేమిటి? పాత రికార్డు బాగున్న బడిలో సగటు పిల్లవాడికి గొడుగు, రికార్డు లేని బడిలో చురుకైన పిల్లకు పైకప్పు. బ్రిటన్‌లోనూ ఇదే కథ. ఎ-లెవెల్స్‌లో పై రెండు గ్రేడ్ల వాటా ఫీజు కట్టే ఇండిపెండెంట్ బడుల్లో 2019లో దాదాపు 45 శాతం. టీచర్లే గ్రేడ్లు వేసిన 2021లో అది 70 శాతం. పరీక్షలు మామూలుగా జరిగిన 2023లో మళ్ళీ 47 దగ్గరకు దిగింది. ప్రభుత్వ బడుల్లోనూ పెరిగింది, కానీ అంత కాదు.

ఇంటర్‌లో ఇంకో ముఖం

ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ మనకు తెలిసిందే. తెలంగాణ 2023లో తీసేసింది, కరోనా కాలంలో ఆపిన ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది మళ్ళీ తెచ్చింది. పాత వెయ్యి మార్కుల విధానంలో ఎంపీసీ గ్రూపు సబ్జెక్టులకు 600. అందులో ప్రాక్టికల్స్ 60. వెయిటేజీ లెక్కలో ఆ 60 విలువ 2.5 పాయింట్లు, అంటే 160 మార్కుల ఎంసెట్‌లో 5 మార్కులకు పైనే. బైపీసీ వాళ్ళకు ప్రాక్టికల్స్ 120, కాబట్టి రెట్టింపు. మధ్య ర్యాంకుల్లో ఒక్క మార్కుకు ఎన్ని వందల ర్యాంకులు కదులుతాయో కౌన్సెలింగ్‌లో కూర్చున్న మీకు తెలుసు.

ఎవరి కాలేజీలో వాళ్ళకే ప్రాక్టికల్స్ పెట్టొద్దు, జంబ్లింగ్ చేయండి అన్న మాట వచ్చిన ప్రతిసారీ గట్టిగా అడ్డుపడింది ఎవరు? కార్పొరేట్ కాలేజీల యాజమాన్యాలు. ల్యాబ్ నిజంగా ఉండి, పిల్లలతో పిపెట్టు పట్టించిన కాలేజీకి పక్క కాలేజీలో పరీక్ష అంటే భయమెందుకు?

ఎదుటి వాదనలు

ఒకటి: "ప్రైవేటు బడులు బాగా చెప్తాయి, అందుకే మార్కులొస్తాయి." బాగా చెప్పిన బడి పిల్లవాడు పబ్లిక్ పరీక్షలో 80కి 78 తెచ్చుకుంటాడు. తెచ్చుకోనివ్వండి, అది అతని కష్టం. నా అభ్యంతరం ఆ 78 మీద కాదు, దాని పక్కనున్న 20 మీద.

రెండు: "ప్రభుత్వ బడుల్లోనూ ఉదారంగా వేస్తారు కదా?" వేస్తారు. 2021 సంఖ్యలో వాళ్ళూ ఉన్నారు. కానీ ఆ టీచరు జీతం వచ్చే ఏడాది అడ్మిషన్ల మీద ఆధారపడదు. ప్రోత్సాహకం ఎటు ఉందో చూడమని మనం ఎకనామిక్స్‌లో చదువుకున్నదే. అందరూ ఉదారంగా వేస్తే ఆ 20కి అర్థమే ఉండదు, కొందరే వేస్తే అన్యాయం. ఏ రకంగానూ దాన్ని ప్రవేశాలకు వాడకూడదు.

మూడు: "అయితే అన్నిటికీ ఎంట్రన్సే పెడదాం." ఇది మనలాంటి పోటీ పరీక్షల మనుషులకు తియ్యగా వినిపించే మాట. ఢిల్లీ యూనివర్సిటీలో 2021లో కొన్ని కోర్సులకు కటాఫ్ 100 శాతానికి చేరింది, 2022లో సీయూఈటీ వచ్చింది. మార్కుల రోగం తగ్గింది, కోచింగ్‌కు కొత్త సిలబస్ దొరికింది. తమిళనాడులో రెండూ చూశారు. ఎంట్రన్స్ తీసేస్తే, నామక్కల్ వైపు రెసిడెన్షియల్ బడులు పదకొండో తరగతి పాఠాలు ఎగ్గొట్టి రెండేళ్ళూ పన్నెండే రుద్దాయి. నీట్ వచ్చాక కోచింగ్ ఫీజు కట్టగలిగినవాళ్ళది పైచేయి అయింది. చివరికి 2020లో ప్రభుత్వ బడి పిల్లలకు మెడికల్ సీట్లలో 7.5 శాతం కేటాయిస్తూ చట్టం చేశారు. మద్రాసు హైకోర్టు 2022లో దాన్ని సమర్థించింది. నేర్చుకోవాల్సింది ఏమిటంటే, కొలిచే చెయ్యి తటస్థంగా ఉండాలి, కొలిచాక పిల్లవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో చూడాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ సరిపోదు.

రాజ్యాంగం ఏమంటుంది

అజయ్ హాసియా కేసు (1981) మన పాలిటీ నోట్స్‌లో ఆర్టికల్ 12 కింద ఉంటుంది. రెండో సగం చదవండి. శ్రీనగర్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రవేశాల్లో 150కి 50 మార్కులు ఇంటర్వ్యూకి పెట్టారు. అలాంటి మౌఖిక పరీక్షకు 15 శాతానికి మించి ఇస్తే అది ఏకపక్షం, ఆర్టికల్ 14కు విరుద్ధం అంది సుప్రీంకోర్టు. ఇంటర్నల్స్, ఇంటర్వ్యూ ఒకటి కావు, ఒప్పుకుంటాను. కానీ తర్కం అదే కదా? సరిచూసే వీల్లేని విచక్షణ చేతిలో సీటు భవిష్యత్తు పెట్టకూడదు. అక్కడ సీటు విషయంలో స్వార్థం లేని బోర్డుకే 15 దాటొద్దన్నారు. ఇక్కడ స్వార్థమున్న బడికి 20 ఇచ్చాం.

ఇక నీల్ ఆరేలియో న్యూన్స్ కేసులో (2022) అదే కోర్టు, పోటీ పరీక్ష మార్కు ఒక్కటే మెరిట్ కాదని, దాని వెనుక కుటుంబం, చదువు, వనరులు ఉంటాయని స్పష్టం చేసింది. 0.4ని సమర్థించడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఏం చేయాలి

ఆంధ్రప్రదేశ్ 2019లో పదిలో ఇంటర్నల్ మార్కులు తీసేసింది. తెలంగాణ 2024 నవంబరులో తీసేస్తామని ప్రకటించి, ఆ ఏడాదికి మళ్ళీ పాత పద్ధతే కొనసాగించింది. జీపీఏ పోయి మెమోలో మార్కులు వచ్చాయి గానీ, 20 అలాగే ఉంది.

నేను తీసేయమని కూడా అనడం లేదు. తరగతిలో ప్రాజెక్టులు, లఘు పరీక్షలు పిల్లలకు మంచివే, జాతీయ విద్యా విధానం 2020 కూడా అటే చూపిస్తోంది. నేర్చుకోవడానికి అవి ఉండనివ్వండి. ప్రవేశాల లెక్కలోకి మాత్రం బయటివాళ్ళు దిద్దిన 80 మార్కులే తీసుకోండి. దీనికి చట్టం అక్కర్లేదు, నోటిఫికేషన్‌లో ఒక వాక్యం చాలు. ప్రతి బడికీ ఇంటర్నల్ సగటు, పబ్లిక్ పరీక్ష సగటు పక్కపక్కన పెట్టి ఏటా బయటపెట్టండి. తేడా ఎక్కడుందో తల్లిదండ్రులే చూసుకుంటారు. ప్రాక్టికల్స్ జంబ్లింగ్‌లో జరపండి. డిప్రివేషన్ స్కోర్‌ను ముట్టుకోవద్దు, రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల పేద పిల్లలకు దాన్ని విస్తరించాలా అన్నది పరిశీలించండి.

చివరగా మీకో మాట. మనం రాసే పరీక్షలో జవాబు పత్రం మీద పేరుండదు, దిద్దేవాళ్ళకు మనమెవరో తెలియదు. ఆ నమ్మకంతోనే అద్దె గదుల్లో ఏళ్ళు గడుపుతున్నాం. ఇంటర్వ్యూ మార్కుల్లో పది అటూ ఇటూ అయితే నెలల తరబడి మాట్లాడుకుంటాం. పదిహేనేళ్ళ పల్లెటూరి పిల్లకు ఆరేళ్ళ చదువు తేల్చే ఫలితాల్లో అదే నమ్మకం అడగడం ఆమె హక్కు. కాబట్టి బోర్డు 0.4 గురించి అడిగినప్పుడు సంజాయిషీ ఇవ్వకండి. ముందు ఆ 20 గురించి చెప్పండి.

ప్రాక్టీస్ ప్రశ్న: "కొలిచేవాడికి ఫలితంలో వాటా ఉన్నచోట మెరిట్ అనే మాటకు అర్థం ఉండదు." పాఠశాల అంతర్గత మూల్యాంకనం, ఉన్నత విద్యా ప్రవేశాల నేపథ్యంలో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)